ఆదివారం షరతు

నాది విజయనగరంలో ఇత్తడి సామాన్ల వ్యాపారం. దానమైనా లెక్క చూసే చేస్తాను. నా భార్య వరహాలమ్మకు పుట్టుచెవుడు. చెవిటి పిల్లలకు నేనిచ్చే స్కాలర్‌షిప్పుకు ఒకటే షరతు: ఆదివారాలు వచ్చి ఆమెతో చేతులతో కబుర్లాడాలి.

పసితనంలోనే చెవిలో మిషను అమర్చడం మొదలయ్యాక దరఖాస్తులు తగ్గిపోయాయి. ఈ ఏడు హైమ ఒక్కతే వచ్చింది. వరహాలమ్మ ఆత్రంగా, "తిన్నావా?" అని సైగ చేసింది. ఆ పిల్ల నావైపు చూసింది.

"నాకు సైగలు రావు తాతగారూ. మిషను తీస్తే ఏటీ వినబడదు గానీ, బళ్ళో చేతుల మాట ఇప్పుడు నేర్పట్లేదండి."

"మరి షరతో?"

"మామ్మగారికీ మిషను పెట్టించీండి. బోలెడు కబుర్లు చెప్తాను."

"ఈ వయసులో పని చెయ్యదమ్మా."

హైమ తల దించుకుంది. షరతు లేకుండానే ఫీజు కడతానన్నాను.

"ఏమంటోంది?" అని వరహాలమ్మ సైగతో నన్నడిగింది. తిన్నానంటోందని చేతులతో చెప్పాను. ఆమె నన్ను వదిలేసి, ఆ పిల్ల చేతులవైపే చూస్తూ కూర్చుంది.