తమూ పిన్ని నీళ్ల వంతు

"దొంగల్లారా! నా నీళ్ల వంతు మీ ఆటస్థలం గడ్డికి రాసిస్తారా?"

బురద కాళ్లతోనే క్లబ్బు గోడ దగ్గరికి వచ్చిపడింది తమూ పిన్ని. పక్క ఊరు బెనీ సల్లామ్‌ను ఓడించి ఫుట్‌బాల్ కప్పు తెచ్చిన పదకొండు మంది పేర్లూ ఆ గోడ మీద రాయిస్తున్నాడు బూఅజ్జా. అప్పటి కెప్టెన్ అతనే, ఇప్పటి అధ్యక్షుడూ అతనే.

"ఊరి పరువు కోసం ఒక్క వంతు వదులుకోలేవా పిన్నీ?"

"ఒకసారి వదిలాను నాయనా. ఆ గోల్ ఎలా కొట్టావో చెప్పు."

"ఎడమకాలితో!" బూఅజ్జా ఛాతీ విరిచాడు. "వాళ్ల గోల్‌కీపర్ కదిలితే ఒట్టు."

"ఎలా కదులుతాడు? మోకాళ్లదాకా బురదలో దిగబడ్డాడు."

"అదీ... కాలువ గట్టు దానంతట అదే తెగి..."

"సరిగ్గా వాళ్లు కాలువ వైపు గోల్‌కు మారాకే తెగిందా? ఎంత తెలివైన గట్టురా! సగం ఆట అయ్యేదాకా కాచుక్కూర్చుని నేనే తెంచాను. నా వంతు నీళ్లన్నీ అక్కడే పోయాయి. మళ్లీ వంతు వచ్చేసరికి నా చిక్కుడు చేను నిలువునా ఎండింది."

నిచ్చెన మీది పెయింటర్ కిసుక్కున నవ్వాడు. బూఅజ్జా తన ఎడమకాలి వంక చూసుకున్నాడు. ఇన్నేళ్లూ ప్రతి పెళ్లిలో, పుదీనా టీ తాగిన ప్రతి చోటా చాపి చూపించిన కాలు.

"ఇది ఎవరికైనా చెప్పావా పిన్నీ?" గొంతు తగ్గించాడు.

"బెనీ సల్లామ్ వాళ్లకి ఇంకా చెప్పలేదు. నా వంతు ఇంకా నడుస్తోంది. పో, గడ్డి వైపు మడవ కట్టేసి నీళ్లు నా చేనుకు తిప్పు. మనిషిని పంపడం కాదు, నువ్వే దిగు. ఇప్పుడే!"