మాడుగుల దాకా పరుగు

బరువు తగ్గమని డాక్టరు గట్టిగా చెప్పాక, గౌరీశంకర్ చోడవరంలోని తన ఇంట్లో ట్రెడ్‌మిల్ పెట్టించాడు. మాడుగుల ఎంత దూరమో అంతా దాని మీద పరిగెత్తితేనే అక్కడి హల్వా పెడతానని భార్య అశ్విని షరతు పెట్టింది.

రోజూ కాస్త కాస్తగా పరిగెత్తి, ఇవాళ మాడుగుల పొలిమేరకి చేరాడు. సరిగ్గా అప్పుడే అశ్విని బటన్ నొక్కి ముందువైపు ఎత్తు పెంచింది.

"ఇదేటే?"

"కొండల వైపు ఎల్తన్నారు కదండీ, దారి ఎత్తుంటాది."

రొప్పుతూనే నవ్వాడు. దూరం పూర్తయింది.

"వచ్చేసేను!" అని దిగి, నెయ్యి ఓడుతున్న హల్వా ముక్కని కళ్లు మూసుకుని తిన్నాడు. మళ్లీ చెయ్యి చాపాడు.

అశ్విని డబ్బా మూత పెట్టేసింది.

"మిగతాది చోడవరంలో మనింట్లో ఉందండీ. మీరింకా మాడుగుల్లోనే ఉన్నారు," అంటూ ఎత్తు తగ్గించింది. "ఎక్కండి. తిరుగుదారంతా దిగుడే."