జేబులో కాగితం

“అమ్మాయి ఏం చదువుతాండాదన్నా?” అని అడిగాడు ఓబుళప్ప, మంచినీళ్ల చెంబు కింద పెట్టి.

వీరభద్రయ్య చటుక్కున తలెత్తాడు. వచ్చేశాడు! ఎనిమిది నెలలుగా ఏ మనిషి వస్తాడని భయపడి చస్తున్నాడో ఆ మనిషి, పెళ్లికొడుకు తండ్రి వేషంలో, ధర్మవరంలోని తన ఇంట్లో, తన మగ్గం పక్కనే చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“చదువా? ఇంటర్‌తోనే ఆపేసింది. బెంగుళూరులో కుట్టుపని నేర్చుకుంటాండాది,” అన్నాడు చొక్కా జేబు తడుముకుంటూ.

ఆ జేబులో నాలుగు మడతల కాగితం ఉంది. కూతురు హరితకు నిఘా విభాగం వాళ్ల చదువులో సీటు వచ్చింది. కాలేజీ ఫీజు, హాస్టలు, నెల ఖర్చు అన్నీ ప్రభుత్వానివే. చదువు కాగానే ఉద్యోగం కూడా వాళ్లదే. దేశం మొత్తం మీద ఇరవైమందిని తీసుకుంటే అందులో ఒకతె, ఈ మగ్గం గుంత పక్కన కూర్చుని పుస్తకాలు చదివిన పిల్ల. షరతు ఒక్కటే. పిల్లలు గానీ, తల్లిదండ్రులు గానీ ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు. హిందూపురంలో సంతకాలు పెట్టించుకున్న ఆఫీసరు నవ్వుతూనే అన్నాడు: “మా మనిషి ఎప్పుడో ఒకరోజు మీ ఇంటికొస్తాడు. ఎవరో చెప్పడు. మీరు నోరు విప్పారా, సీటు పోతుంది.”

వచ్చిన చిక్కల్లా వీరభద్రయ్య నోటితోనే. ఆయన కడుపులో మాట దాగదు. కొత్త అంచు డిజైను తలలో మెదిలితే చాలు, వీధంతా చెప్పేస్తాడు. ఈయన చీర మగ్గం దిగేలోపు అదే అంచుతో నాలుగు చీరలు అంగడికి చేరిపోతాయి. అందుకే భార్య మంజులత ఆ సంతకాలు పెట్టిన కాగితం నకలు తీసి ఆయన జేబులో పెట్టింది.

“నోటికి దురద పుట్టినప్పుడంతా దీన్ని తడుముకో,” అంది.

అప్పటినుంచీ గ్యాస్ బండ తెచ్చేవాడి మీద అనుమానం. జరీ అమ్మేవాడి మీద అనుమానం. ఓటర్ల జాబితా రాసుకోవడానికి వచ్చిన టీచరమ్మకైతే అసలు మాకు కూతురే లేదని చెప్పి, మంజులత చేత నానా చీవాట్లు తిన్నాడు.

“మీ వాడేం చేస్తాండాడన్నా?” ఈసారి తనే అడిగాడు.

ఓబుళప్ప భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. “మావాడా? వాడూ బెంగుళూరులోనే. ఆఫీసులో కూర్చుంటాడు.”

“కూర్చొని?”

“లేస్తాడు కూడా.”

కాఫీ తెస్తున్న మంజులత నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయింది.

“ఏం ఆఫీసన్నా అది?”

“పెద్దదే. మూడంతస్తులు,” అంటూ ఓబుళప్ప తన చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

అది వీరభద్రయ్య కంటపడింది. రికార్డరు! ఇంక సందేహమేముంది? కొడుకు ఉద్యోగం గురించి గొప్పలు చెప్పుకోని పెళ్లికొడుకు తండ్రి ఈ జిల్లాలో ఎక్కడైనా ఉంటాడా? రాత్రి కాపలా కాసేవాణ్ణి సెక్యూరిటీ ఆఫీసరని చెప్పుకునే రోజులివి! రొద్దంలో వేరుశనగ సేద్యమట. కాయలు కాచిన అరిచేతులు, చెప్పులకు ఎర్రమట్టి. వేషం మాత్రం భలే కట్టాడు మహానుభావుడు.

“ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దన్నా,” అన్నాడు ఓబుళప్ప. “మా ఇంటామెకు చదువుకున్న కోడలు కావల్లని ఆశ. పిల్ల ఇంకేమన్నా చదివింటే చెప్పు. దాచద్దు.”

మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదో తరగతిలో మండలం ఫస్టన్నా మా పిల్ల! మూడు భాషల్లో గడగడా మాట్లాడుతుందన్నా! కళ్లలో నీళ్లు తిరిగాయి. జేబును గట్టిగా పట్టుకున్నాడు.

“లేదన్నా. మా పిల్లకు చదువు ఎక్కలేదు.”

అంత చేదు మాట ఆయన జన్మలో అనలేదు.

ఓబుళప్ప లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “పోనీలే అన్నా. చదువు లేకుంటే ఏం? మావాడు చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానంటాండాడు. ఆలోచించి ఫోన్ చేయండి.” నంబరు రాసిచ్చి, పెనుకొండ బస్సు దొరుకుతుందో లేదోనని గబగబా వెళ్లిపోయాడు.

“మనిషి మంచోడి మాదిరే ఉండాడే,” అంది మంజులత.

“పిచ్చిదానా, అదంతా ట్రైనింగు!” అన్నాడు వీరభద్రయ్య. ఆ నంబరు కాగితాన్ని చింపేయబోయి, ఎందుకైనా మంచిదని మగ్గం కొయ్యకు గుచ్చాడు. ఛాతీ ఉబ్బిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక మాట దాచాడు!

సాయంత్రం హరిత ఫోన్ చేసింది. ఆయన ఆగలేకపోయాడు.

“అమ్మీ, మీ మనిషి వచ్చిపోయినాడు! పెళ్లి సంబంధమని వచ్చి ఎన్ని విధాలుగా గుచ్చినా నా నోట్లోనుంచి ఒక్క మాట రాలేదు. నీకు చదువే ఎక్కలేదని చెప్పేసినా!”

“అయ్యో నాయనా! ఎవరొచ్చింది?”

“రొద్దం ఓబుళప్పంట. కొడుకు ఉదయ్ కుమారంట. అన్నీ కట్టుకథలు! కొడుకేం చేస్తాడో చెప్పడానికి నీళ్లు నమిలినాడు. ఊరికే జేబు తడుముకుంటాడు, అచ్చం నా మాదిరి!”

అవతల ఒక్కసారిగా నవ్వు. కిలకిలా, ఆగకుండా. పక్కన ఎవరో అబ్బాయి కూడా నవ్వుతున్నాడు.

“నాయనా, ఆయన నంబరిచ్చినాడా? ఇప్పుడే ఫోన్ చెయ్యి.”

“ఎందుకమ్మా?”

హరిత గొంతు సిగ్గుతో చిన్నదయింది.

“ఆ ఇరవైమందిలో ఉదయ్ ఒకడు నాయనా.”