చెల్లో మీద దరువు

ఒప్పేసుకుంటున్నాను. నాన్న చెల్లోని, అదే ఆ నిలువెత్తు వయొలిన్ లాంటిదాన్ని, వాయించడం నాకు రాదు, బాదడమే వచ్చు. చిన్నప్పుడు అలా బాదితే ఆయన ఇల్లు పీకి పందిరేసేవారు.

పక్షవాతంతో ఆయన మాట పోయింది. నిన్నటి నుంచి ముద్ద కూడా ముట్టడం లేదు. ఇక ఏం చెయ్యాలో తోచక చెల్లోని మంచం దగ్గరికి లాగి, దాని చెక్క మీద అరచేతులతో దరువెయ్యడం మొదలుపెట్టాను.

“పిచ్చెక్కిందా? పగులుతుందే!” అమ్మ అరిచింది.

“పగలనీ అమ్మా! తిట్టడానికైనా నోరు తెరుస్తాడు. తిట్టు నాన్నా!”

స్వాధీనంలో ఉన్న ఆయన ఎడమ చెయ్యి పైకి లేచింది. కొడతారని ఆశగా చెంప చూపించాను. ఆ చెయ్యి చెల్లో మీద పడి, దరువులో నేను వదిలేస్తున్న దెబ్బని సరిగ్గా వేసింది.

బిత్తరపోయి ఆగిపోయాను.

“ఆపావో, చంపుతా!” అంటూ అమ్మ జావ గిన్నెలోని స్పూన్ అందుకుంది.

నాన్న నోరు తెరిచారు. తిట్లేమీ రాలేదు, స్పూన్ మాత్రం ఖాళీ అయింది.

మీ ఇంట్లో మొండిఘటాలు దేనికి దిగొచ్చారో చెప్పండి.