మూడు తాళాల కార్డు

"ఇవ్వను గాక ఇవ్వను" అంది అత్తగారు. కార్డున్న పర్సును రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

కుట్టుమిషన్ల దుకాణంలో కౌంటరు ముందు ముగ్గురు నిలబడ్డారు. దర్జీ, అతని భార్య, భార్య తల్లి. కౌంటరు మీద ఎంబ్రాయిడరీ మిషను ఉంది. దాని వెనక సేల్స్‌మన్ ఉన్నాడు.

"అత్తయ్యా, ఫుట్‌బాల్ జట్టు చొక్కాలు. ఒక్కోదాని వీపు మీద పేరు, నంబరు కుట్టాలి. సాయంత్రంలోగా మిషను కొన్నానని చెప్పకపోతే ఆర్డరు వీధి చివరి దర్జీకి పోతుంది" అన్నాడు దర్జీ.

"పోనివ్వండి. ఆయనకీ పిల్లలున్నారు."

భార్య నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

ఆ ఇంట్లో క్రెడిట్ కార్డుకు మూడు తాళాలు. కార్డు అత్తగారి పర్సులో ఉంటుంది. దుకాణంలో నొక్కాల్సిన పిన్ భార్యకే తెలుసు. ఆన్‌లైన్‌లో కొంటే వచ్చే ఓటీపీ దర్జీ ఫోనుకు వస్తుంది. ముగ్గురిలో ఎవరూ సొంతంగా గుండుసూది కూడా కొనలేరు. కార్డు కొత్తది, మొదటి బిల్లు ఇంకా రాలేదు. ఏర్పాటు మాత్రం అత్తగారిదే.

"సరే, కొంటారు. కట్టేదెలా?" అంది ఆవిడ.

"నెలనెలా కనీస మొత్తం కట్టుకుంటూ పోతే..."

"అమ్మో!" పర్సు గడ్డం దాకా లేచింది. "కనీసం కట్టి ఊరుకుంటే మిగిలినదాని మీద వడ్డీ నడుస్తుంది. ఆ పైన ఏది కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ. చుట్టమై వచ్చి దయ్యమై పట్టడమంటే అదే!"

"ఏవండీ, చొక్కాల డబ్బెప్పుడొస్తుంది?" అంది భార్య.

"అప్పజెప్పిన రోజే. బిల్లు గడువుకి ముందే."

"అయితే మొత్తం ఒకేసారి కట్టేయొచ్చుగా. వడ్డీ గొడవే ఉండదు."

"కట్టేస్తాను. నా కత్తెర మీద ఒట్టు."

"కత్తెర మీద కాదు, ఫోను మీద వేయండి" అంది అత్తగారు.

దర్జీ ఒక్క క్షణం తటపటాయించి ఫోను మీద ఒట్టేశాడు.

సేల్స్‌మన్ ముందుకు వంగాడు. "అమ్మా, వాయిదాలు కూడా ఉన్నాయి. వడ్డీ సున్నా."

"ప్రాసెసింగ్ ఫీజు?"

"అది... కొంచెం ఉంటుంది."

"ఒకేసారి కడితే ఇచ్చే తగ్గింపు?"

"వాయిదాల్లో అది రాదమ్మా."

"మీ సున్నా బాగానే ఒళ్లు చేసిందే!" అంది అత్తగారు. వెనక నిలబడ్డవాళ్లు గొల్లుమన్నారు. ఆ నవ్వులో పర్సు తెరుచుకుంది.

కార్డును స్వైపింగ్ మిషన్లో పెట్టింది ఆవిడే. సేల్స్‌మన్‌ని ముట్టుకోనివ్వలేదు. భార్య అరచెయ్యి అడ్డం పెట్టి "అటు తిరగండి" అంది. దర్జీ తిరిగాడు. సేల్స్‌మన్ తిరిగాడు. వెనకున్న వాళ్లందరూ తిరిగారు.

స్వైపింగ్ మిషను కీచుమంది.

"లిమిట్ చాలట్లేదు సార్."

"చాలకపోవడమేంటి? లిమిట్ చూసుకునేగా వచ్చాం. కార్డు ఒక్కసారి కూడా వాడలేదు!" దర్జీ భార్య వైపు తిరిగాడు. "ఏం కొన్నావు?"

"అమ్మ దగ్గర కార్డుంటే నేనేం కొంటాను? మీరే నంబరు బట్టీ పట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఉంటారు. ఓటీపీ వచ్చేది మీకే కదా!"

"నా కొలతలే నాకు గుర్తుండవు. పదహారు అంకెలు బట్టీ పడతానా?"

"బ్యాంకు మెసేజీలు చూడండి సార్" అన్నాడు సేల్స్‌మన్.

దర్జీ తల గోక్కున్నాడు. "లోను కావాలా, లోను కావాలా అని చంపుతుంటే ఆ బ్యాంకు నోరు నొక్కేశాను. చప్పుడు రాదు." మెసేజీలు తెరిచాడు. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూశాడు. "రోజూ ఏదో ఖర్చు ఉందే! అన్నీ చిన్న మొత్తాలు. ఏదో ఎంటర్‌ప్రైజెస్ అట."

"దొంగలండీ!" అంది భార్య. "ఒకేసారి లాగితే తెలిసిపోతుందని ఎలకల్లా కొరుకుతున్నారు."

సేల్స్‌మన్ ఆఖరి మెసేజీలో మిగిలిన మొత్తం చూశాడు. "తక్కువైంది కొంచెమే సార్. ఆ కాస్త చేతికిస్తే మిగతాది కార్డులో కొట్టేస్తాను. మిషను ఇప్పుడే పట్టుకెళ్లండి."

దర్జీ ఎంబ్రాయిడరీ మిషను మీద చెయ్యి వేశాడు. తీశాడు.

"వద్దు. దొంగ చేతిలో పడ్డ కార్డు మీద ఇంకో అప్పా? ముందు బ్లాక్ చేయించాలి."

"మరి ఆర్డరు?" అంది భార్య.

"వీధి చివరి దర్జీకి పిల్లలున్నారుగా."

ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. దర్జీ బ్యాంకుకు ఫోను కలిపాడు. "కార్డు నంబరు అడుగుతున్నారు. అత్తయ్యా, కార్డు ఇలా ఇవ్వండి."

అత్తయ్య అక్కడ లేదు. స్వైపింగ్ మిషన్లో కార్డూ లేదు.

గుమ్మం పక్కన ఐస్‌క్రీం బండి ఉంది. ఆవిడ దాని ముందు నిలబడి కార్డును బండి అతని స్వైపింగ్ మిషనుకు అలా తాకించింది. చిన్న మొత్తం కాబట్టి అది పిన్ అడగలేదు, ఓటీపీ అడగలేదు. టింగుమంది. దర్జీ చేతిలోని ఫోనులో మరో మెసేజీ చప్పుడు లేకుండా వాలింది.

"ఇవాళ ఒక్కటేనా అమ్మగారూ?" అన్నాడు బండి అతను కప్పు అందిస్తూ. "మీ వాకింగ్ బ్యాచ్ ఆరుగురూ రాలేదేం?"