ఆకువక్క డబ్బా

ఆకువక్క డబ్బా మళ్ళీ మాయమైంది.

గురప్ప మంచం పక్కన చూశాడు. కిటికీ గట్టు మీద చూశాడు. నిన్నటిదాకా ఫ్రిజ్ మీద ఉండేది, అక్కడా లేదు. భోజనమయ్యాక రెండాకులు నోట్లో పడకపోతే ఆయనకు అన్నం తిన్నట్టే ఉండదు.

“అంజినమ్మా, డబ్బా యాడ పెట్టినావే?”

వంటింట్లోంచి వచ్చిన అంజినమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

“ఏమోనండి, గ్యాపకం రాలేదు. బీరువా మీద పెట్టినట్టుండాది, చూడండి.”

బీరువా మీదే ఉంది, అదీ గోడ వైపుకు జరిగి. తాతల నాటి ఇత్తడి డబ్బా, రెండు చేతులూ పెడితే తప్ప రాదు. కుడి భుజం కలుక్కుమంటుంటే పళ్ళు బిగబట్టి గురప్ప దాన్ని దించుకున్నాడు. ఆకుకు సున్నం రాస్తూ భార్య వైపు దొంగచూపు చూశాడు. ఆ చూపులో విసుగు లేదు, భయముంది.

అంజినమ్మ మరుపంటే ఎరగని మనిషి. బెంగుళూరు చిక్కపేటలో వాళ్ళ చీరల కొట్టు సగం ఆమె జ్ఞాపకం మీదే నడిచింది. ఎవరింటి పెళ్ళికి ఏ రంగు చీరలు పోయాయో, ఏ కోడలికి ఏ అంచు నచ్చదో, అడిగిందే తడవుగా చెప్పేది. అలాంటి మనిషి ఇప్పుడు డబ్బా ఎక్కడ పెట్టిందో చెప్పలేకపోతోంది.

ఇదంతా గురప్ప భుజం పట్టేశాకే మొదలైంది. చీర విప్పి చూపించడంలో ఆయన చెయ్యి పేటలో పేరుపడ్డ చెయ్యి. మడత పట్టుకుని ఒక్క విసురు విసిరితే పమిట చెంగు వచ్చి, కొనేవాళ్ళ ఒళ్ళో సరిగ్గా వాలేది. ఎండాకాలంలో ఒకరోజు ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. డాక్టరు ఫిజియోథెరపీకి పంపించాడు. అక్కడ సహన అనే అమ్మాయి చూసింది. నొప్పి అని కదిలించకుండా ఉంచితే కీలు ఇంకా బిగుసుకుపోతుందని, ఓర్చుకోగలిగినంత వరకు రోజూ కొంచెం కొంచెంగా ఎత్తాలని నిదానంగా చెప్పింది. గోడ మీద వేళ్ళు పాకించమంది, తాడు కట్టి లాగమంది.

“గోడెక్కేదానికి నేనేమన్నా బల్లినా?” అంటూ గురప్ప విసవిసా బయటికొచ్చేశాడు. ఆటో మాట్లాడి ఎక్కి కూర్చున్నా, వెంట వచ్చిన అంజినమ్మ జాడ లేదు. చెప్పు తెగిందంటూ చాలాసేపటికి వచ్చింది.

ఆ తరువాత ఆయన చీరలు విప్పే పని కొట్లో పనిచేసే ఓబులేష్‌కు అప్పగించి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గల్లా దగ్గర కూర్చున్నాడు. కదిలించకపోతే అదే సర్దుకుంటుందని ఆయన నమ్మకం.

ఇంట్లో మాత్రం చెయ్యి ఒళ్ళో పెట్టుకునే వీలు లేకపోయింది. వాళ్ళ బాల్కనీలో బట్టలారేసే దండేలు పైకప్పుకు వేలాడతాయి, తాళ్ళు పట్టి పైకీ కిందికీ లాగాలి. గురప్ప లాగి కట్టేయగానే, “అయ్యో, తువ్వాలు మరిచిపోతిని, మళ్ళా దించండి” అనేది అంజినమ్మ. పొద్దున తుడిచిన నిలువుటద్దాన్నే సాయంత్రం మళ్ళీ తుడవమనేది. గొణుక్కుంటూనే అన్నీ చేసేవాడు. జబ్బు మనిషిని కసురుకోవడానికి నోరెలా వస్తుంది?

ఒకనాడు కొట్టుకు వచ్చిన ఒకావిడతో, ఏనాడో ఆమె పెద్దకూతురి పెళ్ళికి కొన్న వంకాయరంగు చీర గురించి అంజినమ్మ అంచుతో సహా చెప్పింది. గురప్పకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

“ఆ జబ్బు అట్లే కదన్నా,” అన్నాడు ఓబులేష్ మెల్లగా. “పాతవి నిలుస్తాయి, కొత్తవి పోతాయి. మా అవ్వ కడాన మమ్మల్నే ఎవరప్పా మీరు అనె.”

రేపు తననూ అలాగే అడిగితే? ఆ రోజు గురప్పకు అన్నం సయించలేదు.

జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గరికి పోదామంటే ఆమె నొచ్చుకుంటుంది. అయితే ఆ డాక్టరు కూర్చునేది సహన ఉన్న ఆసుపత్రిలోనే, పై అంతస్తులో. గురప్ప టోకెను తీసి పెట్టుకుని, “భుజం చూపిచ్చుకొని వద్దాం, నువ్వూ రా” అన్నాడు. అంజినమ్మ మారుమాట లేకుండా చీర మార్చుకుంది. అబద్ధం చెప్పి తీసుకుపోతున్నానే అని దారంతా ఆయన మనసు పీకుతూనే ఉంది. మెట్రో మెట్ల దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళైన కొత్తలో కూడా నలుగురిలో పట్టుకోని చెయ్యి అది.

సహన నవ్వుతూ పలకరించి చెయ్యి ఎత్తమంది. గురప్ప చూపు పై అంతస్తు మెట్ల మీదే ఉంది. పరధ్యానంగా ఎత్తాడు.

“ఇంకా... ఇంకా... చాలు అంకుల్.”

చూసుకుంటే చెయ్యి చెవి పక్కన నిలువుగా నిలబడి ఉంది. ఆయనకే నమ్మకం కుదరలేదు.

“ఎక్సర్‌సైజులు బాగా చేసినారే.”

“ఒక్కటీ చెయ్యలేదమ్మా. నా చెయ్యి సంగతి వదిలెయ్, నేను వచ్చింది...” పక్కనే అంజినమ్మ కూర్చుని ఉంది. గురప్పకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఈమెను పైన డాక్టరుకు చూపియ్యాల.”

సహన ఆయన భుజాన్ని ఇంకోసారి తిప్పి చూసి, అంజినమ్మ వైపు తిరిగింది.

“ఇంక ఆకువక్క డబ్బా కిందికి దించేయండి, ఆంటీ.”