హద్దు మట్టి

గట్టు వేరు, హద్దు వేరు. గట్టును పారతో జరపొచ్చు, తప్పయితే మళ్ళీ వేసుకోవచ్చు. హద్దును అబద్ధంతో జరిపితే మాత్రం మనిషి మిగలడు. డుంబ్రిగుడ దాటి కొండెక్కితే ముక్కుపచ్చలారని గుంటను అడిగినా చెబుతుంది ఈ తేడా.

సర్వేయర్ అనిల్‌కి తెలీదు పాపం. విజయనగరం నుంచి కొత్తగా వచ్చాడు. నాలుగు రాళ్ళు పాతించి దిగిపోదామనుకున్నాడు. తీరా చూస్తే యర్రమ్మ కాఫీ తోటకీ, పక్కనున్న భీముడి తోటకీ మధ్య తగువు. భీముడి తోట నల్లబండ దాకానే అంటుంది ముసలమ్మ. కాదు, వాగు దాకా తనదేనంటాడు భీముడు. పాత కాగితాల్లో ఈ కొండకు గీతే లేదు.

“మట్టి ఎత్తాల బాబూ,” అన్నాడు ఊరిపెద్ద సోంబరు.

హద్దు మట్టి నెత్తిన పెట్టుకుని, తనదన్న గీత వెంట నడిచి, చివర నిలబడి “ఇదే హద్దు” అనాలి. ఇద్దరిలో ఎవరన్నా సరే, ఒకసారి అన్నాక తిరుగులేదు. రాయి అక్కడే పడుతుంది. ఆ మాట అబద్ధమైతే, కొత్త కొర్రలు తినే పండగలోపు ఆ మనిషిని నేలతల్లి తీసేసుకుంటుంది.

“అలా ఎవరైనా పోయారా?” అనిల్ నవ్వాడు.

“నిరుడు నా తమ్ముడు పోనాడు.”

అనిల్ నవ్వు ఆగిపోయింది.

భీముడు మట్టి ఎత్తాడు. కొండ మీంచి మబ్బు కిందికి దిగి మిరియాల తీగల్ని కప్పేస్తోంది. వాడు నల్లబండ దాటేశాడు. వాగు వైపు తిరిగాడు. కాళ్ళ కింది నేలను చూసి కళ్ళు తిప్పుకున్నాడు, అయినా ఆగలేదు. ఆశ అలాంటిది మరి!

యర్రమ్మ వెంటపడింది.

“నీ కాళ్ళిరిగిపోనూ! దింపరా ఆ మట్టి! నీ నోట మన్నుపడ, ఆ మాట అనకు!”

“నువ్వు నోర్మూసుకోయే ముసలీ!” అన్నాడు భీముడు, వెనక్కి చూడకుండానే.

అనిల్‌కి ఒళ్ళు మండింది. గుప్పెడు నేల కోసం ఇంత పగా? ఒకరికి శాపనార్థాలు, ఒకరికి మొండితనం. ఛీ, ఏం మనుషులు!

భీముడు వాగు వెంట నడిచి గీత చివరికి చేరాడు. నోరు తెరిచాడు.

యర్రమ్మ ఒక్క ఉదుటున వాడి మీదపడి మట్టి లాక్కుంది. తన నెత్తిన పెట్టుకుంది. వెనక్కి పోయి, అదే గీత మొదటి నుంచీ నడిచింది. నెరిసిన జుట్టులోంచి మట్టి రాలి కళ్ళల్లో పడుతున్నా తుడుచుకోలేదు. చివర నిలబడి కొండ అదిరేలా అరిచింది.

“ఇదే హద్దు! వాగు దాకా ఈడిదే! నానే సెప్పినాను, ఇనుకో నేలతల్లీ!”

ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నారు. అప్పుడే ఇంట్లోంచి శవం లేచినట్టుగా ఉంది. భీముడు ఉన్నచోటే కూలబడ్డాడు.

అనిల్‌కి మతి పోయింది. ఈసారి అతనికీ భయం వేసింది.

“తోటలో నేల పోయింది. ఇక ప్రాణం కూడా పోతుందంటారు. తననే నోర్మూసుకోమన్న పక్క తోటవాడి కోసం ఎవరైనా ఇంత పని చేస్తారా?”

సోంబరు తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

“పక్క తోటోడేటి బాబూ, ఆడు దాని కడుపున పుట్టినోడు!”